నది మట్టిలో కొండల చరిత్ర: అవక్షేపాల ఐసోటోపులపై తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్‌లో జియాలజీ చదివే పిల్లలు, వాళ్లను ప్రాజెక్టులకు పంపే లెక్చరర్లు, ఏ డిగ్రీతో పని లేకుండా ఆసక్తి కొద్దీ అడిగేవాళ్లు... వీళ్ల దగ్గర నుంచి పదే పదే వచ్చే ప్రశ్నలివి. వరసగా చదవాల్సిన పని లేదు. అయితే "కొండ ఎత్తు పెరిగిందని ఎలా తెలుస్తుంది?" అన్న ప్రశ్నను మాత్రం వదిలిపెట్టకండి. ఎక్కువమంది తడబడేది అక్కడే.

హిమాలయాలు ఎక్కడో, సముద్రం అడుగున బురద ఎక్కడో. రెండింటికీ లంకె ఏమిటి?

కొండలో ఇంకా మిగిలి ఉన్న రాయిని కొండ మీదే చూడొచ్చు. అరిగిపోయిన రాయి కావాలంటే నది వెంట కిందికి దిగాల్సిందే. గంగ, బ్రహ్మపుత్ర కలిసి ఏటా సుమారు 100 కోట్ల టన్నుల ఒండ్రును మోస్తాయి. అందులో కొంత మైదానంలో, కొంత డెల్టాలో ఆగిపోతుంది. మిగిలింది బంగాళాఖాతంలోకి జారి, దాదాపు 3,000 కిలోమీటర్ల పొడవున, శ్రీలంకను కూడా దాటి దక్షిణానికి పరుచుకుంది. దీన్నే బెంగాల్ ఫ్యాన్ అంటారు. సముద్రగర్భంలో ఇంత పెద్ద మేట ప్రపంచంలో ఇంకోటి లేదు.

పై పొర కొత్తది, కింది పొర పాతది. 2015లో అంతర్జాతీయ సముద్ర తవ్వకాల కార్యక్రమం కింద వెళ్లిన ఎక్స్‌పెడిషన్ 354లో, 8 డిగ్రీల ఉత్తర అక్షాంశం వెంట 7 చోట్ల ఈ మేటలోకి పొడవాటి గొట్టాలు దింపి పొరలు పొరలుగా బయటికి తీశారు. అదే ఏడాది అరేబియా సముద్రంలో, సింధు నది మేట వైపు, ఎక్స్‌పెడిషన్ 355 నడిచింది. ఆ గొట్టాల్లో వచ్చిన బురదలో ఉన్నవి ఇప్పుడు కొండ మీద ఎక్కడా లేని రాళ్ల ముక్కలు. ఎప్పుడో కోట్ల ఏళ్ల కిందట అరిగిపోయినవి.

అసలు ఐసోటోప్ గుర్తుగా ఎలా పనికొస్తుంది?

ఒకే మూలకం, పరమాణువుల బరువులో మాత్రం తేడా. అంతవరకు స్కూల్లో చదివిందే. మనకు పనికొచ్చే సంగతి ఏమిటంటే, కొన్ని ఐసోటోపులు రేడియోధార్మికతతో నిదానంగా వేరే మూలకంగా మారిపోతుంటాయి. రుబీడియం-87 స్ట్రాన్షియం-87గా మారుతుంది. సగం మారడానికి పట్టే కాలం దాదాపు 5,000 కోట్ల ఏళ్లు. సమేరియం-147 నియోడిమియం-143గా మారుతుంది. దానికి 10,600 కోట్ల ఏళ్లు పడుతుంది. భూమి వయసే సుమారు 454 కోట్ల ఏళ్లు కాబట్టి, ఈ మార్పు ఇంకా మొదట్లోనే ఉందనుకోవచ్చు.

అందువల్ల ఒక రాయిలో స్ట్రాన్షియం-87కీ, ఎప్పుడూ మారని స్ట్రాన్షియం-86కీ మధ్య నిష్పత్తి రెండు సంగతుల మీద ఆధారపడుతుంది: రాయి ఎంత పాతది, అందులో మొదట రుబీడియం ఎంత ఉంది. పాత గ్రానైట్‌లో నిష్పత్తి ఎక్కువ, భూమి పెంకు కింద ఉండే మాంటిల్ పొర నుంచి ఎగదన్నుకొచ్చిన బసాల్ట్‌లో తక్కువ. రాయి పిండి పిండి అయి వందల కిలోమీటర్లు కొట్టుకుపోయినా ఈ తేడా చాలావరకు చెరగదు. రంగు మారుతుంది, ఆకారం అరుగుతుంది, ఖనిజాలు కుళ్లి బంకమట్టి అవుతాయి. నియోడిమియం నిష్పత్తి మాత్రం దాదాపు అలాగే ఉంటుంది.

హైదరాబాద్‌లో చెప్పుకోదగ్గ పర్వతమే లేదు. ఇక్కడ కూర్చుని ఇవన్నీ ఎందుకు?

పర్వతం లేకపోవడమే ఇక్కడి కథ. గోల్కొండ కోట కింద, మౌలాలి గుట్ట మీద, ఖాజాగూడలో కనిపించే గ్రానైట్ సుమారు 250 కోట్ల ఏళ్ల నాటిది. గ్రానైట్ నేల మీద తయారవదు. కిలోమీటర్ల లోతున కరిగిన శిల మెల్లగా చల్లారితేనే అంతంత పెద్ద స్ఫటికాలు ఏర్పడతాయి. అది ఇవాళ మన కాళ్ల కింద ఉందంటే, దాని మీద ఉన్న కిలోమీటర్ల మందపు రాయంతా ఎటో కొట్టుకుపోయినట్టే. వీకెండ్‌లో బౌల్డరింగ్‌కు వెళ్లే కుర్రాళ్లు ఎక్కేది ఒకప్పటి భూగర్భాన్ని.

రెండో కారణం మూసీ. అనంతగిరి గుట్టల్లో, దక్కన్ బసాల్ట్ మీద ఎర్రటి లేటరైట్ టోపీ ఉన్న చోట అది పుడుతుంది. తూర్పుకు రాగానే బసాల్ట్ అంచు అయిపోయి గ్రానైట్ మొదలవుతుంది. సుమారు 6.6 కోట్ల ఏళ్ల బసాల్ట్, 250 కోట్ల ఏళ్ల గ్రానైట్, రెండూ ఒకే చిన్న నదిలో. పాఠం చెప్పడానికి ఇంతకంటే అనువైన నదిని వెతుక్కుంటూ హిమాలయాల దాకా పోనక్కర్లేదు.

బసాల్ట్‌కూ మన గ్రానైట్‌కూ తేడా అంకెల్లో ఎంత ఉంటుంది?

నియోడిమియం తేడాలు చాలా చిన్నవి కాబట్టి వాటిని ఎప్సిలాన్ అనే కొలతలో చెప్తారు. ఉల్కల సగటును సున్నాగా పెట్టుకుని, పదివేలలో ఎన్ని వంతులు ఎక్కువో తక్కువో చూడటమన్నమాట. దక్కన్ బసాల్ట్‌లో పైన ఉండే ప్రధాన ప్రవాహాల విలువలు సున్నాకు అటూ ఇటూగా, చాలాచోట్ల సున్నాకు పైన ఉంటాయి. పైకి వస్తూ దారిలో పాత పెంకును కరిగించి కలుపుకున్న ప్రవాహాల్లో బాగా కిందికి పోతాయి. మన గ్రానైట్ కూడా చేరే ధార్వార్ ప్రాంతపు పాత గ్రానైట్లు, నైస్‌లు (వేడికీ ఒత్తిడికీ మారిన చారల రాళ్లు) మైనస్ 30 చుట్టుపక్కల ఉంటాయి. హిమాలయాల్లో పై భాగపు రాళ్లు మైనస్ 15 దగ్గర, కింది హిమాలయాల పాత రాళ్లు మైనస్ 20 నుంచి మైనస్ 25 దగ్గర.

లెక్క ఎలా వేస్తారో చూపడానికి ఒక ఊహా ఉదాహరణ. ఒక వైపు రాయి సున్నా, ఇంకో వైపు రాయి మైనస్ 30, నది బురదలో మైనస్ 12 వచ్చిందనుకోండి. రెండు రాళ్లలోనూ నియోడిమియం సమానంగా ఉంటే, బురదలో మొదటి రాయి వాటా 60 శాతం, రెండోదాని వాటా 40 శాతం. నిజంలో సమానంగా ఉండదు. ఎందులో నియోడిమియం ఎక్కువుందో అది తన వాటాకు మించి విలువను తన వైపు లాగేస్తుంది. పరీక్షలో మార్కులు పోయేది కూడా ఇక్కడే.

గోదావరి మీద ఇలాంటి పని జరిగిందా?

జరిగింది, అందులో తేలిన విషయం వినగానే నమ్మబుద్ధి కాదు. 2006లో మన దేశపు గ్యాస్ హైడ్రేట్ (సముద్రం అడుగున మంచులా గడ్డకట్టిన గ్యాస్) అన్వేషణలో భాగంగా గోదావరి ముఖద్వారానికి ఎదురుగా సముద్రం అడుగు నుంచి ఒక పొడవాటి గొట్టం బురద తీశారు. లివియు జోసాన్ బృందం దాన్ని పరిశీలించి 2017లో ఫలితాలు ప్రచురించింది. గత పది పన్నెండు వేల ఏళ్లలో గోదావరి పరీవాహకం నుంచి ఎంత మట్టి వచ్చింది, ఎక్కడి నుంచి వచ్చింది, అందులోని కర్బనం ఎంత పాతది అన్నవి చూశారు. మట్టి మూలాన్ని గుర్తుపట్టడానికి వాడింది నియోడిమియమే.

వానలు ఎక్కువుంటే కోత ఎక్కువ ఉంటుందని అందరం అనుకుంటాం. అక్కడ కనిపించింది తలకిందులు. చివరి కొన్ని వేల ఏళ్లలో రుతుపవనాలు బలహీనపడ్డాక కోత పెరిగింది. వాన తగ్గితే చెట్టూ చేమా పలచబడతాయి. బోసిపోయిన నేల మీద నాలుగు గట్టి వానలు పడినా చాలు, మట్టి లేచిపోతుంది. దాని మీద దక్కన్‌లో సేద్యం విస్తరించడంతో కోత ఇంకా ఎక్కువైంది. వానాకాలం మొదట్లో దుక్కి దున్నిన చెలక మీద తొలి పెద్దవాన పడ్డాక గట్టు పక్క కాలవలో ఎర్రనీళ్లు చూసిన రైతుకు ఇందులో కొత్త ఏమీ ఉండదు.

గోదావరిలో ఒక చిక్కు ఉంది. ఎగువన సగం పరీవాహకం దక్కన్ బసాల్ట్, నల్లరేగడి. దిగువన నైస్‌లు, గోండ్వానా ఇసుకరాళ్లు, తూర్పు కనుమలు. బసాల్ట్ గుర్తు కనిపిస్తే మహారాష్ట్ర నుంచి వచ్చిందని ఎగిరి గంతేయకూడదు, ఎందుకంటే రాజమండ్రి పక్కనే దక్కన్ కాలపు బసాల్టే కొంత ఉంది.

ఒక్క నియోడిమియం సరిపోదా? స్ట్రాన్షియం కూడా ఎందుకు?

స్ట్రాన్షియం రేణువు పరిమాణాన్ని బట్టి మారిపోతుంది. ఒకే చోట తీసిన ఇసుకలో ఒక విలువ, బంకమట్టిలో ఇంకో విలువ వస్తాయి. నీళ్లలో కరిగిపోయేది కూడా అదే. దాంతో ఒక్కదాన్ని నమ్ముకుంటే మూలం మారిందో, నది వేగం మారిందో తేల్చలేం. కానీ సరిగ్గా ఆ బలహీనత వల్లే అది రాయి ఎంత కుళ్లిందో కూడా చెప్తుంది. అందుకే రెండూ కలిపి చూస్తారు.

సముద్రపు నీరంతా హిమాలయాల గుర్తు మోస్తోందని విన్నాను. నిజమేనా?

సగం నిజం, సగం వాదన. సముద్రంలో స్ట్రాన్షియం లక్షల ఏళ్లు నిలిచి ఉంటుంది కాబట్టి ప్రపంచమంతా ఒకేలా కలిసిపోతుంది. ఫొరామినిఫెరా అనే సూక్ష్మజీవుల గుల్లల్లో అప్పటి నీళ్ల స్ట్రాన్షియం-87, 86 నిష్పత్తి భద్రంగా ఉండిపోతుంది. 4 కోట్ల ఏళ్ల కిందట అది 0.7078 దగ్గర ఉండేది. ఇవాళ 0.7092 దగ్గర ఉంది. చూడ్డానికి తేడా పిసరంతే. సముద్రమంతటి నీళ్లను అంత మార్చడానికి మాత్రం చాలా స్ట్రాన్షియం కావాలి. గంగ, బ్రహ్మపుత్ర నీళ్లలో ఈ నిష్పత్తి 0.72 దగ్గర్లోనో అంతకు పైనో ఉంటుంది, సముద్రం కంటే చాలా ఎక్కువ.

మౌరీన్ రేమో, విలియం రడిమన్ అనే శాస్త్రవేత్తలు 1980ల చివర్లో, 1990ల మొదట్లో దీన్నే ఆధారం చేసుకున్నారు. హిమాలయాలు, టిబెట్ లేచాయి, గ్రానైట్, బసాల్ట్ లాంటి సిలికేట్ రాళ్లు జోరుగా కుళ్లాయి, ఆ క్రమంలో గాలిలోని కార్బన్ డయాక్సైడ్ ఖర్చయింది, భూమి చల్లబడింది అన్నారు. వాదన అందంగా ఉంది. తర్వాత తెలిసిందేమిటంటే, హిమాలయాల్లో కొన్ని సున్నపురాళ్లకు, వేడికీ ఒత్తిడికీ మారిన పాలరాళ్లకు కూడా ఈ నిష్పత్తి ఎక్కువే. సున్నపురాయి కరిగితే దీర్ఘకాలంలో గాలిలోని కార్బన్ డయాక్సైడ్ తగ్గదు. అంటే సముద్రపు స్ట్రాన్షియం గ్రాఫులో గీత పైకి పోయినంత మాత్రాన సిలికేట్ రాళ్లే కుళ్లాయని చెప్పలేం. ఇంకో వైపు నుంచి క్రిస్టియన్ ఫ్రాన్స్-లనోర్డ్, లూయిస్ డెర్రీ 1997లో ఇంకో మాట అన్నారు: ఇక్కడ రాయి కుళ్లడం కంటే, చెట్ల కర్బనం బెంగాల్ ఫ్యాన్ బురదలో పూడిపోవడమే ఎక్కువ కార్బన్‌ను దాచిందని.

నన్నడిగితే, స్ట్రాన్షియం గీతను "ఏదో పెద్ద మార్పు జరిగింది" అనడానికి వాడుకోవచ్చు. "ఇదే జరిగింది" అనడానికి అదొక్కటే చాలదు.

కొండ ఎంత వేగంగా అరుగుతోందో ఎలా కొలుస్తారు?

బెరీలియం-10తో. ఈ రంగంలో నాకు అన్నిటికంటే నచ్చిన కొలత ఇదే. పై నుంచి వచ్చే కాస్మిక్ కిరణాలు నేల పైపొరలోని పలుగురాయిని, అంటే క్వార్ట్జ్‌ను తాకినప్పుడు, అందులోని ఆక్సిజన్ కేంద్రకం పగిలి అప్పుడప్పుడు బెరీలియం-10 పుడుతుంది. ఎండలో ఉన్న కొద్దీ ఒళ్లు నల్లబడినట్టు, రేణువు పైపొరలో ఉన్న కొద్దీ బెరీలియం పోగవుతుంది. కిరణాల జోరు రాయిలో ప్రతి 60 సెంటీమీటర్లకూ దాదాపు మూడో వంతుకు పడిపోతుంది, అందుకని లోతున ఏమీ పుట్టదు. బెరీలియం-10 అర్ధజీవిత కాలం సుమారు 13.9 లక్షల ఏళ్లు.

గ్రాము క్వార్ట్జ్‌లో ఏటా 5 పరమాణువులు పుడుతున్నాయనుకుందాం. కొండ పది లక్షల ఏళ్లకు 10 మీటర్ల చొప్పున అరుగుతుంటే రేణువు ఆ 60 సెంటీమీటర్లు దాటడానికి 60,000 ఏళ్లు పడుతుంది. 5ని 60,000తో గుణిస్తే గ్రాముకు 3 లక్షల పరమాణువులు. ఏటా ఒక మిల్లీమీటరు అరిగే కొండలో అదే ప్రయాణం 600 ఏళ్లలో అయిపోతుంది. వచ్చేది 3,000 పరమాణువులే. కోత వంద రెట్లు పెరిగితే బెరీలియం వంద రెట్లు తగ్గుతుంది. హిమాలయాల్లో ఎత్తు ఎక్కువ, అడ్డుపడే గాలి పలచన, కాబట్టి పుట్టే వేగమే చాలా రెట్లు ఎక్కువ. ఆ సవరణ చేశాకే పోల్చాలి.

నది ఇసుక పరీవాహకం మొత్తాన్నీ కలిపేస్తుంది. కాబట్టి ఒక్క గుప్పెడు ఇసుకతో వేల చదరపు కిలోమీటర్ల సగటు వస్తుంది. ఇంత తక్కువ శ్రమకు ఇంత పెద్ద ఫలితం ఇచ్చే కొలత భూగర్భశాస్త్రంలో అరుదు.

మోసపోయే చోట్లూ ఉన్నాయి. పెద్ద కొండచరియ విరిగిపడితే లోతున్న, బెరీలియం లేని రాయి ఒక్కసారిగా నదిలో కలుస్తుంది. కోత విపరీతంగా ఉన్నట్టు లెక్క చూపిస్తుంది. 2013లో కేదార్‌నాథ్ వరద లాంటిది జరిగిన లోయలో మరుసటి ఏడాదే శాంపిల్ తీస్తే అది ఆ ఘటన లెక్కే కానీ, ఆ కొండ లెక్క కాదు.

పాత కాలపు కోతను కూడా ఇలా కొలవొచ్చా?

కొంతవరకు. పాత పొరలోని బెరీలియంలో ఈలోగా తగ్గిపోయినదాన్ని తిరిగి కలుపుకుని లెక్కవేయాలి. బెంగాల్ ఫ్యాన్ ఇసుకతో 2020లో సెబాస్టియన్ లెనార్డ్ బృందం సరిగ్గా ఇదే చేసింది. ప్రపంచ వాతావరణం చల్లబడి హిమయుగాలు వచ్చిపోయినా, దాదాపు 60 లక్షల ఏళ్లుగా హిమాలయాల కోత వేగం నిలకడగానే ఉందని తేల్చారు. హిమానీనదాలు వచ్చాక కోత రెట్టింపైందని పాఠం చెప్పేవాళ్లకు ఇది మింగుడుపడలేదు.

జిర్కాన్, అపటైట్ రేణువులతో ఏం తెలుస్తుంది?

పైన చెప్పినవి "ఎక్కడి నుంచి", "ఎంత వేగంగా" అన్న ప్రశ్నలకు. రాయి ఎప్పుడు లోతు నుంచి పైకి వచ్చిందో చెప్పేవి రాళ్లలో సన్నగా ఉండే ఈ ఖనిజాల రేణువులు. అపటైట్‌లో యురేనియం పగిలినప్పుడు పడే గీతలు సుమారు 110 డిగ్రీల కంటే వేడిలో చెరిగిపోతాయి, చల్లారాక నిలుస్తాయి. జిర్కాన్‌లో అదే సంగతి 240 డిగ్రీల దగ్గర. అభ్రకంలో పొటాషియం మారి పుట్టే ఆర్గాన్ నిలవడం ఇంకా ఎక్కువ వేడిలోనే మొదలవుతుంది. ఇలా ఒక్కో ఖనిజం ఒక్కో లోతు దాటిన సమయాన్ని గుర్తుంచుకుంటుంది.

కిలోమీటరు లోతుకు 25 డిగ్రీలు పెరుగుతుందనీ, పైన 20 డిగ్రీలు ఉందనీ అనుకుంటే 110 డిగ్రీలంటే 3.6 కిలోమీటర్ల లోతు. ఒక అపటైట్ రేణువు చల్లారిన వయసు 1.2 కోట్ల ఏళ్లు, అది మేటలో చేరిన పొర వయసు 1 కోటి ఏళ్లు అనుకుందాం. మధ్యలో 20 లక్షల ఏళ్లు. ఆ కాలంలో 3.6 కిలోమీటర్ల రాయి పైనుంచి పోయింది, అంటే ఏటా 1.8 మిల్లీమీటర్లు. ఈ మధ్యకాలాన్ని ల్యాగ్ టైమ్ అంటారు. పొరలు పైకి వచ్చే కొద్దీ ఇది తగ్గుతూ వస్తే కొండలు వేగం పుంజుకుంటున్నాయని, మారకపోతే నిలకడగా ఉన్నాయని చెప్తారు.

శివాలిక్ కొండలు ఈ లెక్కను పాడుచేస్తాయి. అవి హిమాలయాల పాత మేటలే మళ్లీ పైకి లేచినవి. వాటి రేణువులు రెండోసారి కొట్టుకొస్తే ల్యాగ్ టైమ్ అకారణంగా పెరిగిపోతుంది.

జిర్కాన్ యురేనియం-సీసం వయసు ఇంకో సంగతి. అది స్ఫటికం పుట్టిన రోజు, పైకి వచ్చిన రోజు కాదు. హైదరాబాద్ గ్రానైట్ జిర్కాన్ 250 కోట్ల ఏళ్లని చెప్పినంత మాత్రాన గోల్కొండ గుట్ట వయసు 250 కోట్ల ఏళ్లు అయిపోదు.

ఇదంతా కోత గురించే కదా. కొండ ఎత్తు పెరిగిందని ఎలా తెలుస్తుంది?

తెలియదు. కనీసం పైన చెప్పిన వాటితో నేరుగా తెలియదు. ఈ పేజీలో ఒక్క సమాధానమే గుర్తుంచుకుంటానంటే ఇది గుర్తుంచుకోండి.

ఫిలిప్ ఇంగ్లండ్, పీటర్ మోల్నార్ 1990లో ఈ గందరగోళాన్ని విడదీశారు. మూడు వేర్వేరు సంగతులున్నాయి. నేల మట్టం సముద్రమట్టం నుంచి పైకి పోవడం ఒకటి. రాయి పైకి కదలడం ఇంకోటి. రాయి మీదున్న బరువు తొలగి అది నేల మీదికి తేలడం మూడోది. చల్లారిన వయసులు మూడోదాన్నే కొలుస్తాయి. కొండ పైకి లేచిన వేగంతోనే పైన అరిగిపోతుంటే రాయి కిలోమీటర్ల కొద్దీ పైకి వస్తుంది, శిఖరం ఎత్తు మాత్రం అంగుళం కూడా మారదు.

అంతటితో ఆగదు. భూమి పెంకు కింది మాంటిల్ మీద తేలుతుంటుంది. పైన 1,000 మీటర్లు సమానంగా చెక్కేస్తే బరువు తగ్గి కింద నుంచి 800 మీటర్లకు పైగా లేస్తుంది. నికరంగా తగ్గేది 180 మీటర్లే. అదే కోత లోయల్లో మాత్రమే జరిగితే సగటు ఎత్తు తగ్గుతుంది కానీ శిఖరాలు ఇంకా పైకి పోతాయి. అంటే వాతావరణం మారి లోయలు లోతైనా, ఎక్కడో కొండలు కొత్తగా లేచినట్టు మనకు కనబడొచ్చు. మోల్నార్, ఇంగ్లండ్ ఈ మెలికను "కోడి ముందా గుడ్డు ముందా" అని శీర్షికలోనే అడిగారు.

నిజంగా ఎత్తు కావాలంటే వేరే ఐసోటోప్ పట్టుకోవాలి: ఆక్సిజన్-18. మేఘం కొండెక్కుతూ వాన కురిపిస్తుంటే బరువైన ఆక్సిజన్ ముందే రాలిపోతుంది. పైకి పోయిన కొద్దీ వాననీరు తేలికవుతుంది, కిలోమీటరుకు వెయ్యింట 2 నుంచి 3 పాళ్ల వరకు. ఆ నీళ్లతో చెరువు అడుగున, మట్టిలో ఏర్పడిన సున్నపు గడ్డల్లో ఆ గుర్తు ఉండిపోతుంది. పాత చెరువు మేటలోని గడ్డను కొలిస్తే అప్పటి ఎత్తు అంచనాకొస్తుంది. ఆకుల మైనంలో హైడ్రోజన్ ఐసోటోపులు కూడా ఇదే పనికి వాడతారు.

మరి టిబెట్ ఎప్పుడు ఎత్తుకు చేరిందో తేలిందా?

తేలిందనుకున్నారు. 2006లో డేవిడ్ రౌలీ, బ్రయాన్ కర్రీ మధ్య టిబెట్‌లోని లున్‌పోలా లోయ చెరువు మేటల ఆక్సిజన్ చూసి, 3.5 కోట్ల ఏళ్లుగా అక్కడ ఎత్తు 4 కిలోమీటర్లకు పైనే అన్నారు. 2019లో అదే లోయలో దాదాపు 2.5 కోట్ల ఏళ్ల నాటి తాటి కుటుంబపు పెద్ద పెద్ద ఆకుల శిలాజాలు దొరికాయి. మంచు కురిసే 4 కిలోమీటర్ల ఎత్తులో అలాంటి చెట్టు బతకదు. లోయ అప్పటికి 2.3 కిలోమీటర్లకు మించి లేదని సూ టావో బృందం వాదించింది. చుట్టూ ఎత్తైన కొండలు, మధ్యలో పల్లపు లోయ ఉండి ఉంటే రెండూ కుదరొచ్చు. కొండల మీద కురిసి లోయలోకి జారిన నీళ్లు కొండల ఎత్తునే చూపిస్తాయి కదా. నాకు ఈ వివరణే నమ్మదగ్గదిగా అనిపిస్తుంది.

కోత హిమాలయాలంతటా ఒకేలా ఉంటుందా?

లేదు. బ్రహ్మపుత్ర టిబెట్ నుంచి మలుపు తిరిగి అరుణాచల్‌లోకి దూకే నామ్‌చా బర్వా దగ్గర కోత పిచ్చి వేగంతో ఉంటుంది. పరీవాహకంలో చాలా చిన్న ముక్క అది. బ్రహ్మపుత్ర మోసే ఒండ్రులో దాదాపు సగం అక్కడి నుంచే వస్తుందని ఐసోటోపులు చెప్పాయి.

మా ఇంటి ముందు ఇసుక కుప్ప ఉంది, మేడమ్. తీసుకొస్తే పరీక్షించొచ్చా?

ముందు అది ఇసుకేనా చూసుకోండి. హైదరాబాద్‌లో ఇప్పుడు కట్టుబడికి వచ్చేదాంట్లో ఎక్కువ రోబో శాండ్, అంటే క్రషర్‌లో నలగ్గొట్టిన రాయి. గుప్పెడు అరచేతిలో పోసి లెన్స్‌తో చూస్తే తెలిసిపోతుంది. రోబో శాండ్ గింజలకు అంచులు కత్తుల్లా ఉంటాయి, మధ్యలో పిండిలాంటి దుమ్ము అంటుకుంటుంది. నది ఇసుకలో గాజులా మెరిసే పలుగురాయి, గులాబీ రంగు ఫెల్డ్‌స్పార్, అక్కడక్కడ కాకి బంగారం, అంచులన్నీ అరిగి నునుపెక్కి ఉంటాయి. అయస్కాంతం తిప్పితే నల్లటి మాగ్నటైట్ గింజలు అతుక్కుంటాయి. అదైనా ఏ నది నుంచి, ఏ రేవు నుంచి లారీ ఎక్కిందో మీకు తెలియదు. చూసి ఆనందించడానికి బాగుంటుంది, కొలవడానికి పనికిరాదు.

మూసీలో శాంపిల్ ఎక్కడ తీయాలి?

నగరంలో మాత్రం వద్దు. వాసన ఒక కారణం, అసలు కారణం అది కాదు. గండిపేట దగ్గర ఉస్మాన్‌సాగర్ 1920 నుంచీ ఎగువ మట్టిని ఆపేస్తోంది. దాని దిగువన అనంతగిరి బసాల్ట్ కోసం వెతకడం దండగ. పైగా నగరంలో నది పక్కన పోసిన కట్టుబడి వ్యర్థాల్లో ఎక్కడెక్కడి సిమెంటో, ఎక్కడెక్కడి ఇసుకో ఉంటుంది. ఉస్మాన్‌సాగర్‌కు ఎగువన, వికారాబాద్ వైపు, రోడ్డుకు దూరంగా వాగు మధ్యలోని తాజా ఇసుక తిన్నె మీద తీయండి. వాగు ఒడ్డున మొరం తవ్విన గుంత కనిపిస్తే అక్కడి నుంచి పైకి వెళ్లిపోండి. రెండో శాంపిల్ వాడపల్లి దగ్గర, మూసీ కృష్ణలో కలవకముందు తీస్తే పోల్చుకోవచ్చు. దారిలో ఎన్ని కత్వాలు, ఆనకట్టలు ఉన్నాయో మ్యాప్‌లో గుర్తుపెట్టుకోవడం మరిచిపోవద్దు.

ల్యాబ్‌లో ఏం చేస్తారు?

ఇసుకను జల్లించి, గుల్లలూ సున్నం పోయేలా పలచటి ఆమ్లంతో, కుళ్లిన ఆకులు పోయేలా హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో కడుగుతారు. మిగిలినదాన్ని హైడ్రోఫ్లోరిక్ ఆమ్లంలో కరిగించి, రెసిన్ నింపిన సన్నటి గొట్టాల గుండా వదిలితే స్ట్రాన్షియం, నియోడిమియం విడివిడిగా దిగుతాయి. ఆ చుక్కలు పరమాణువులను బరువును బట్టి వేరుచేసే మాస్ స్పెక్ట్రోమీటర్‌లోకి వెళ్తాయి. బెరీలియం అయితే ముందు క్వార్ట్జ్‌ను మాత్రమే వేరు చేసి, పైపొరను పదే పదే ఆమ్లంతో చెరిపి, చివరికి యాక్సిలరేటర్‌తో నడిచే మాస్ స్పెక్ట్రోమీటర్‌లో లెక్కపెడతారు. ఎక్కువ రోజులు తినేది యంత్రం కాదు, ఈ కడుగుడే.

ఇంట్లో ప్రయత్నించొచ్చా?

జల్లించడం, లెన్స్‌తో చూడటం, అయస్కాంతం తిప్పడం దాకా బాగా చేయొచ్చు. హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం జోలికి వెళ్లొద్దు. చర్మం మీద పడితే మొదట నొప్పి కూడా తెలియకుండా ఎముక దాకా పోతుంది.

హైదరాబాద్‌లో ఇవి ఎక్కడ నేర్చుకోవచ్చు?

ఉప్పల్ రోడ్డులో 1961లో మొదలైన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ)లో ఐసోటోప్ కొలతల పని జరుగుతుంది. చదువుకు ఉస్మానియాలో జియాలజీ విభాగం, గచ్చిబౌలిలో హైదరాబాద్ విశ్వవిద్యాలయపు భూమి, సముద్ర, వాతావరణ శాస్త్రాల కేంద్రం ఉన్నాయి. బెరీలియం కొలతకు ఢిల్లీలోని ఇంటర్ యూనివర్సిటీ యాక్సిలరేటర్ సెంటర్‌లో సౌకర్యం ఉంది. దేశంలోని ఏ విశ్వవిద్యాలయం వాళ్లయినా అక్కడ యంత్రం సమయం కోసం దరఖాస్తు పెట్టుకోవచ్చు.

నాకు మ్యాథ్స్ అంటే టెన్షన్. ఈ రంగంలోకి రావచ్చా?

రావచ్చు. పైన చూసిన గుణకారాలు, భాగహారాలతో సగం పని అయిపోతుంది. మిగతా సగానికి లాగరిథమ్ కావాలి, అది ఒక నెల కూర్చుంటే వస్తుంది. నిజానికి ఎక్కువమంది వదిలేసి వెళ్లేది లెక్కల వల్ల కాదు, దుమ్ము చేరకుండా కట్టిన క్లీన్‌ల్యాబ్‌లో వారాల తరబడి ఒకే పని చేసే ఓపిక లేక.

శాంపిల్ కవర్ మీద ఏం రాయాలి?

తేదీ, జీపీఎస్ అంకెలు, నీళ్ల మట్టం అంచనా, దగ్గర్లో వంతెన గానీ ఆనకట్ట గానీ ఉంటే అది ఎగువనో దిగువనో. కవర్ బయట మార్కర్‌తో రాస్తే తడికి చెరిగిపోతుంది. అందుకని పెన్సిల్‌తో ఒక చీటీ రాసి, చిన్న కవర్‌లో మడిచి లోపల పెట్టండి. ఒక్కోచోట రెండు కేజీలకు తగ్గకుండా తీసి, సగం మీ దగ్గరే ఉంచుకోండి. క్వార్ట్జ్ వేరుచేశాక చేతికి మిగిలేది మీరు అనుకున్నదాంట్లో పావు వంతు కూడా ఉండకపోవచ్చు.